గ్రహణం నాటి రోకలికి ఒక టెలిస్కోపు క్లబ్బు రాసిన ఉత్తరం

గౌరవనీయులైన రోకలి గారికి,

హైదరాబాదులో జనానికి ఆకాశం చూపించే ఒక చిన్న క్లబ్బు తరఫున నమస్కారాలు. మద్దెల వెళ్లి రోలుతో మొరపెట్టుకున్నట్టు ఉంటుందని తెలుసు, అయినా రోలు ఎలాగూ మీ ఇంట్లో మనిషే కాబట్టి నేరుగా మీకే రాస్తున్నాం.

ముందు అభినందనలు. మిక్సీలు వచ్చాక మీకు పని పోయింది. పెళ్లిలో పసుపు దంచడానికి ఓ పూట కిందికి దించి, ఫొటోలు అవగానే మళ్లీ అటకెక్కిస్తున్నారు. అలాంటిది గ్రహణం వచ్చిందంటే చాలు, ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి, పసుపు కుంకుమ చల్లి, మధ్యలో మిమ్మల్ని నిలబెట్టి, గ్రహణం ఉన్నంతసేపే మీరు పడకుండా నిలబడతారని నమ్మి వీధంతా చుట్టూ చేరుతోంది. 2019 డిసెంబర్ 26 పొద్దున మేం గ్రౌండులో టెలిస్కోపుకి ఫిల్టరు బిగించుకుని, కొరికిన అప్పడంలా ఉన్న సూర్యుణ్ణి వచ్చినవాళ్లకి చూపిస్తుంటే, మైకు పట్టుకుని ఒక టీవీ అబ్బాయి వచ్చాడు. మా ఆనందం చెప్పలేం. "సార్, ఇక్కడ రోకలి ఏమన్నా పెట్టారా?" అన్నాడు. లేదంటే వెళ్లిపోయాడు. సాయంత్రం వార్తల్లో మీరే.

సూర్యుడు, చంద్రుడు, భూమి వరసలోకి రావడంతో ఆకర్షణ మారిపోయి మీరు నిలబడ్డారని ఆ వార్తలో చెప్పారు. ఆ మూడూ కాస్త అటూ ఇటూగా ప్రతి అమావాస్యకీ, పౌర్ణమికీ వరసలోకి వస్తాయండీ, సముద్రానికి పోటు ఎక్కువయ్యేది అందుకే. ఆ లెక్కన మీరు నెలకి రెండుసార్లు నిలబడాలి. అసలు సంగతి మీకూ తెలుసు: మీ అడుగు సమంగా ఉంది, కింద ఇనప పొన్ను ఉంది, మీ బరువు కేంద్రం నుంచి నిట్టనిలువుగా దించిన గీత ఆ అడుగు దాటనంతసేపు మీరు పడరు, గ్రహణం ఉన్నా లేకపోయినా. ఇది నిరూపిద్దామని మేం ఏ గ్రహణమూ లేని ఒక మంగళవారం సాయంత్రం మిమ్మల్ని నిలబెట్టి కాలనీ అందర్నీ పిలిచాం. వాచ్‌మన్ ఒక్కడే వచ్చాడు, అదీ గేటు తాళం వేసుకోవాలని.

పోనీ మీ బంధువర్గాన్ని చూసైనా నేర్చుకోకూడదా? 2022 అక్టోబర్ 25న, దీపావళి మర్నాడు, సూర్యుడు గ్రహణంతోనే అస్తమించాడు. లడ్డూలకి వాడిన బూందీ గరిటెని ఓ పెద్దావిడ ఇంట్లోంచి తెచ్చి, గోడకి కాస్త దూరంగా ఎండకి అడ్డం పట్టుకున్నారు. గోడ నిండా చిన్న చిన్న సూర్యులు, ఒక్కోదానికీ ఒక్కో కొరుకు! కళ్లకి ప్రమాదం లేదు, పాత ఎక్స్‌రే ఫిల్ముల్లోంచి చూసి చూపు పాడుచేసుకునే పనీ లేదు. ఆ గరిటెకి ఒక్క పసుపు బొట్టు కూడా పెట్టలేదు ఎవరూ.

మీ మీద కోపం ఏం లేదండి, మీరు నిలబడితే ఎవరికీ నష్టం లేదు. మాకు టెన్షన్ అంతా ఆ పళ్లెం పక్కన గదిలో తలుపులు వేసుకుని, మంచినీళ్లు కూడా తాగకుండా, కదిలితే బిడ్డకి గ్రహణం మొర్రి వస్తుందని బిగుసుకుని పడుకున్న కడుపుతో ఉన్న అమ్మాయి గురించి. ఆ అమ్మాయిని పలకరించడానికి ఏ మైకూ వెళ్లదు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ గ్రహణం మన మీదుగా వెళ్లినప్పుడు, జపాల్-రంగాపూర్‌లో ఉస్మానియా అబ్జర్వేటరీ దగ్గర శాస్త్రవేత్తలు ఆ సుమారు రెండు నిమిషాల చీకటి కోసం కాచుకుని ఉంటే, ఊళ్లల్లో జనం తలుపులు బిడాయించుకుని కూర్చున్నారు. గ్రహణమంటే నీడేనని ఆర్యభటుడు ఎప్పుడో 499లో రాసిపెట్టాడు. పట్టు, విడుపు గడియలు పంచాంగంలో అంత కచ్చితంగా పడుతున్నాయంటే అదీ లెక్కే కదా, రాహువు ఫోన్ చేసి చెప్పడు.

2025 సెప్టెంబర్ 7 ఆదివారం రాత్రి ఇంకా విడ్డూరం. పదకొండు నుంచి అర్ధరాత్రి దాటేదాకా చంద్రుడు రాగి రంగులో ఉన్నాడు. దానికి ఫిల్టరు అక్కర్లేదు, టెలిస్కోపూ అక్కర్లేదు, బాల్కనీ తలుపు తీస్తే చాలు. తీయలేదు! వచ్చిన కాసిని మందికి పక్కనే ఉన్న శనిని కూడా చూపించాం. ఆ ఏడాది శని వలయాలు దాదాపు పక్కకి తిరిగి సన్న గీతలా ఉన్నాయి, పదిహేనేళ్లకోసారి అలా అవుతుంది. ఒకాయన చూసి, "ఉంగరం ఏదీ? పోయినసారి ఉందే, ఎవరు తీశారు?" అని మమ్మల్ని అనుమానంగా చూశారు. ఇంకొకావిడ, శనిని చూశాం కదా, ఇప్పుడు ఇంటికెళ్లి తలస్నానం చేయాలా అని అడిగారు. మా పని ఇలా ఉంటుంది.

అందుకే మీతో ఒక ఒప్పందం. నిటారుగా నిలబడడంలో మీకున్న పేరు మాకు లేదు. హైదరాబాదులో ఏడాదికి రెండు రోజులు, మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో ఒకసారి, మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిటారుగా ఉన్నదేదైనా దాని నీడ దాని కిందే దాక్కుంటుంది. పూర్వం మన జ్యోతిష్కులు శంకువు అని పన్నెండు అంగుళాల పుల్లని నిటారుగా పాతి నీడలు కొలిచేవారు, మీరు దానికంటే పొడుగే. మే నెలలో అయితే పన్నెండూ పన్నెండుకి, ఆగస్టులో అయితే పన్నెండూ ఇరవై రెండు ప్రాంతంలో మీ నీడ మాయమవుతుంది. ఇది మాత్రం ఏ మంగళవారం పడితే ఆ మంగళవారం జరగదు.

పళ్లెం, నీళ్లు మేం తేము. కుంకుమ మీ ఇష్టం. పదకొండున్నరకల్లా గ్రౌండుకి వచ్చేయండి, తాడుకి రాయి కట్టి మీరు నిటారుగా ఉన్నారో లేదో సరిచూసుకోవాలి, దానికి కాస్త టైం పడుతుంది. టీవీ వాళ్లకి మాత్రం మీరే కబురు పెట్టండి, మేం పిలిస్తే రారు.

ఇట్లు,
మబ్బుల కోసం కాకుండా మబ్బులు పోవడం కోసం మొక్కుకునే
మీ క్లబ్బు వాళ్లు