ఉన్నట్టుండి కాల్చేశాడన్న మాట అబద్ధం

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా వీధి వాట్సాప్ గ్రూపులో వారం రోజులుగా ఒక మెసేజ్ తిరుగుతోంది. "అమెరికా స్కూళ్ళలో కాల్పులు జరిపేవాళ్ళంతా మతి చలించినవాళ్ళే. వీడియో గేమ్‌లు ఆడి ఆడి ఉన్నట్టుండి తుపాకీ పడతారు. ముందుగా ఎవరికీ తెలియదు. పిచ్చి మందులు వాడేవాళ్ళకు మీ పిల్లల్ని దూరంగా ఉంచండి." పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్ళు మా వీధిలోనూ ఉన్నాయి. వాళ్ళ టెన్షన్ నాకు తెలుసు. కానీ ఈ మెసేజ్ తప్పు.

"ఎవరికీ తెలియదు" అన్నదే అన్నిటికన్నా పెద్ద తప్పు. 1974 నుంచి 2000 దాకా స్కూళ్ళలో జరిగిన 37 దాడులను అమెరికా సీక్రెట్ సర్వీస్, అక్కడి విద్యాశాఖ కలిసి పరిశీలించి 2002లో నివేదిక ఇచ్చాయి. 81 శాతం ఘటనల్లో కనీసం ఒక్కరికైనా విషయం ముందే తెలుసు. ఎక్కువగా తోటి పిల్లలకే.

మిషిగన్‌లోని ఆక్స్‌ఫర్డ్ హైస్కూల్ సంగతే చూడండి. 2021 నవంబర్ 30. పదిహేనేళ్ళ కుర్రాడు. నాలుగు రోజుల ముందే తండ్రి తుపాకీ కొన్నాడు. ఆ పొద్దున కుర్రాడి లెక్కల కాగితం మీద తుపాకీ బొమ్మ, పక్కనే "ఆలోచనలు ఆగడం లేదు, సాయం చేయండి" అన్న రాత టీచర్ కంటపడ్డాయి. తల్లిదండ్రుల్ని పిలిపించారు. వాళ్ళు ఇంటికి తీసుకెళ్ళలేదు. బ్యాగు ఎవరూ తెరవలేదు. తుపాకీ అందులోనే ఉంది. ఆ మధ్యాహ్నం ఆ కుర్రాడు జరిపిన కాల్పుల్లో నలుగురు విద్యార్థులు బలయ్యారు. 2024లో తల్లికీ తండ్రికీ జైలుశిక్ష పడింది. ఒక పిల్లవాడు ఇంతకన్నా ఎలా చెబుతాడు?

ఇక "మతి చలించినవాళ్ళే" అన్న మాట. 2000 నుంచి 2013 మధ్య అమెరికాలో స్కూళ్ళలోనే కాక వేరే చోట్లా కాల్పులు జరిపిన 63 మంది గురించి అక్కడి దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ఆరా తీసింది. మానసిక జబ్బు ఉందని డాక్టర్లు నిర్ధారించినది నాలుగో వంతు మందికే. ఎక్కువ మందిలో కనిపించింది పగ: తెలిసినవాళ్ళతో చెడిన సంబంధాలు, ఉద్యోగంలో తమకు అన్యాయం జరిగిందన్న కసి. ఎన్నాళ్ళు ప్లాన్ వేశారో తెలిసినవాళ్ళలో నాలుగింట మూడొంతుల మందికి పైగా వారమో అంతకన్నా ఎక్కువో ప్లాన్ వేసుకున్నారు. ఉన్నట్టుండి చేసే పని కాదిది.

గేమ్‌లంటారా, జపాన్, దక్షిణ కొరియా పిల్లలు తక్కువ ఆడతారా? అక్కడ ఇలాంటి కాల్పులు చాలా అరుదు. కాల్చేవాళ్ళంతా కుర్రాళ్ళూ కాదు: 2017లో అమెరికాలోని లాస్ వేగాస్‌లో కాల్చినవాడి వయసు 64.

నాకు కడుపు మండేది ఆఖరి వాక్యం చదివినప్పుడు. ఏ వీధో చెప్పను, మా ఊళ్ళోనే ఒక తల్లి తన కొడుకుని డిప్రెషన్ మందుల కోసం నెలనెలా బరంపురం తీసుకెళ్ళేది. ఈ మెసేజ్ చూశాక మందుల చీటీ బియ్యం డబ్బాలో దాచేసింది. ఈ నెల వెళ్ళలేదు. ఫార్వర్డ్ చేసిన అన్నలూ, దయచేసి దాన్ని తీసేయండి. సోమవారం ఆ తల్లీకొడుకులతో పాటు నేనూ బరంపురం బస్సెక్కుతున్నాను.