హైజంప్ బారు గారికి ఓ టైలరమ్మ రాసుకున్న ఉత్తరం

శ్రీయుత బారు గారికి,

నమస్కారాలు. వయసులో మీరు నాకన్నా చిన్నవారే. కానీ ఎప్పుడూ పైనే ఉంటారు కదా, పైనున్నవాళ్ళని "నువ్వు" అనడం మా వైపు అలవాటు లేదు. నేను గుంటూరు పక్క ఊళ్ళో జాకెట్లు కుట్టుకునే మనిషిని. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. మూడేళ్ళుగా సాయంత్రం పూట ఎవరైనా "పిల్లేదీ?" అని అడిగితే "బార్ దగ్గరుంది" అనేయడం, వాళ్ళ మొహం చూసి "హైజంప్ బారండీ, ఎగిరి దాటే అడ్డకర్ర" అని సర్దుకోవడం, ఇదీ నా బతుకు. ఈ ఒక్క ముక్కకే మీమీద పరువునష్టం దావా వేయొచ్చు. వేయను. థాంక్స్ చెబుదామనే కూర్చున్నాను.

మీకే ఎందుకంటే, పోయిన నెల పిల్లకి రాష్ట్ర పోటీల్లో పతకం వస్తే ఊళ్ళో ఫ్లెక్సీ కట్టారు. అందులో పదమూడు మొహాలున్నాయి. పన్నెండు మొహాలు జన్మలో ఒక్క గెంతు గెంతి ఉండవు. పిల్ల ఫొటో కింద ఎడమ మూల, పాస్‌పోర్టు సైజులో. పక్కనే ఎర్రటి అక్షరాల్లో మీ ఎత్తు. సర్టిఫికెట్‌లోనూ మీ ఎత్తే. పీఈటీ సారు పేరు ఎక్కడుందా అని కళ్ళజోడు పెట్టుకుని మరీ వెతికాను, లేదు. ఆ టైంలో సారు స్టూలెక్కి, ఫ్లెక్సీ రెండో వైపు తాడు స్తంభానికి కడుతున్నారు. కాబట్టి లోకం లెక్క ప్రకారం మా పిల్లని ఇంతదాన్ని చేసింది మీరే. పుచ్చుకోండి నా కృతజ్ఞత.

మీ గొప్పతనం నాకు తెలియక కాదు. నాలుగు మీటర్ల పొడవు, రెండు కిలోలు దాటని ఒళ్ళు. ఇంత పెద్దమనిషీ రెండు చిన్న పలకల మీద ఊరికే ఆని ఉంటారు. కొంగు తగిలినా దబ్బున కిందపడి ఊరంతా వినపడేలా మోగుతారు. పెళ్ళిళ్ళలో అలిగే మా మేనత్త అచ్చం ఇంతే. కాకపోతే మీలో ఒక న్యాయం ఉంది. తగిలినా సరే, వణికినా సరే, పడకుండా నిలబడితే పాస్ చేస్తారు. మేనత్త చేయదు.

మీ చరిత్ర కూడా సారే చెప్పారు. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో ఫాస్‌బరీ అనే అమెరికా కుర్రాడు మీకు వీపు చూపించి 2.24 మీటర్లు దాటాడట. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళకి వీపు చూపిస్తే వీపు చిట్లుతుంది, ఆయనకి బంగారు పతకం ఇచ్చారు. 1993లో క్యూబా సోటోమయోర్ 2.45 దూకాడు. మా ద్వారబంధం ఏడడుగులు, ఆయన దూకింది ఎనిమిదడుగులు. ఆడవాళ్ళ రికార్డు సంగతి విన్నప్పుడు మాత్రం మిషన్ ఆపేశాను. 1987లో బల్గేరియా కోస్టాడినోవా 2.09 దూకితే, దాని మీద ఇంకొక్క సెంటీమీటరు పెంచడానికి ముప్పై ఏడేళ్ళు పట్టిందట. 2024లో ఉక్రెయిన్ అమ్మాయి మహూచిక్ 2.10 దాటింది. సెంటీమీటరు విలువ నాకు వేరేవాళ్ళు చెప్పక్కర్లేదు. చంక దగ్గర అంత తేడా వస్తే కస్టమరు మళ్ళీ నా గడప తొక్కదు.

అసలు సంగతికి వస్తాను. మూడేళ్ళ కిందట సారు మా షాపుకొచ్చి, "అంగుళం ఎలాస్టిక్ నాలుగున్నర మీటర్లు ఇవ్వండమ్మా" అన్నారు. ఎన్ని లంగాలకి సార్ అన్నాను. నవ్వి, మీ సంగతి చెప్పారు. కొత్త పిల్లలకి మిమ్మల్ని చూపిస్తే బెదిరిపోతారట. వెనక్కి తిరిగి దూకేటప్పుడు మీరు కనపడరు, నడుముకో పిరుదుకో తగులుతారేమోనని ఒళ్ళు బిగుసుకుపోతుంది. ఎలాస్టిక్ అయితే తగిలినా సాగుతుంది, వెనక్కొస్తుంది, మోగదు. అట్లా ఆరు నెలలు మా పిల్ల దూకింది మీ మీదుగా కాదు స్వామీ, నా షాపులో ఎలాస్టిక్ మీదుగా. ఆ తర్వాత వెదురు కర్ర. మీ దర్శనం ఏడాదికి గానీ కాలేదు. తిరుపతిలో కూడా ఇంత లైను లేదు.

ఇక పడే చోటు. మంచి స్పాంజి పరుపు మైదానంలో ఒకటి ఉంది, ఉందని అందరూ అంటారు. గదిలో పెట్టి తాళం వేశారు. పెద్దవాళ్ళెవరైనా వచ్చిన రోజు బయటికి తీసి, ఫొటో అయ్యాక మళ్ళీ లోపలికి. పాడవుతుందని భయం. పిల్లల నడుములు పాడవ్వవు కాబోలు. సారు తాళం అడిగీ అడిగీ, చివరికి మిర్చి టిక్కీల ఖాళీ గోతాలు ముప్పై మోసుకొచ్చారు. వరిగడ్డి కూరి, దబ్బనంతో మూతులు నేనే కుట్టాను. మొదటి రోజు పిల్ల ఎగిరి, వంగి, వాటి మీద వెల్లకిలా పడింది. అంతే, తేజా మిర్చి ఘాటు లేచింది. ఏడు తుమ్ములు తుమ్మింది. సారు తుమ్మారు, స్కోరు రాసే కుర్రాడు తుమ్మాడు. "టెక్నిక్ బానే ఉంది" అన్నారు సారు, కళ్ళు తుడుచుకుంటూ. గోతాలు ఉతికి ఆరేసేసరికి నాకు మూడు రోజులు చేతులు మండాయి.

హర్యానాలో తాపీమేస్త్రి కూతురు పూజా సింగ్ కూడా ఇట్లాగే గడ్డి మూటల మీద, వెదురు కర్ర మీదుగా నేర్చుకుందట. 2025లో ఆసియా పోటీల్లో 1.89 దూకి స్వర్ణం తెచ్చింది. ఆ వార్త సారు పేపర్లోంచి కత్తిరించి తెచ్చి నా మిషన్‌కి అంటించి వెళ్ళారు. ఇంకా ఉంది, సగం ఆయిల్ మరకలతో.

మీరు చేసిన ఒక పనికి మాత్రం మిమ్మల్ని క్షమించలేదు. పోయిన వేసవిలో పిల్ల మీతోపాటే కిందపడింది. మీరు దాని వీపు కింద పడ్డారు. నడుము మీద వంకాయ రంగులో జానెడు కమిలిపోయింది. రాత్రి తొమ్మిదింటికి సారు మోపెడ్ మీద వచ్చారు, పాల ప్యాకెట్ల కవరులో ఐసుముక్కలు పట్టుకుని. సగం కరిగి ప్యాంటంతా తడి. మా అత్తగారు "ఆడపిల్లకి వెనక్కి గెంతే చదువేంటి నాయనా" అని మొదలెట్టారు. సారు వాదించలేదు. "మూడు రోజులు రెస్టండి పెద్దమ్మా" అని, నేలమీద కూర్చుని టీ తాగి వెళ్ళిపోయారు. నాలుగో రోజు పిల్ల వెళ్ళేసరికి స్తంభాల మధ్య మీరు లేరు. మళ్ళీ ఎలాస్టిక్ కట్టి ఉంది. ఎందుకని పిల్లా అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఇంకో మాట. ఓ రోజు కుట్టు పని లేక మైదానానికి వెళ్ళి గట్టు మీద కూర్చున్నాను. మీరు ఎన్నిసార్లు పడతారో లెక్కపెడదామని. యాభై ఎనిమిది సార్లు పడ్డారు, ఒక్క సాయంత్రంలో. యాభై ఎనిమిది సార్లూ వంగి మిమ్మల్ని లేపి పలకల మీద పెట్టింది సారే. ఒక చేత్తో నడుము పట్టుకుని, రెండో చేత్తో మిమ్మల్ని. పిల్ల పరుగు గీత చెరిగిపోతే మళ్ళీ వంగి ముగ్గుపిండితో కొడవలి వంపు గీయడం దీనికి అదనం. ఆయన రిటైర్మెంటుకి ఇంకా నాలుగేళ్ళుంది. ఎత్తు పెరిగేది మీదే అనుకుంటారు గానీ, ఇంత వంగిన మనిషిని నేను చూడలేదు.

కాలేజీ పీఆర్వోలు అప్పుడే తిరుగుతున్నారు. ర్యాంకు తెప్పిస్తాం, ఆటలవీ మానిపించండి అని. మీకన్నా పై ఎత్తున ఒక బారు పెట్టుకుని వచ్చారు వాళ్ళు, కింద గడ్డి మూట కూడా లేకుండా. సారుని సలహా అడిగితే టైం టేబుల్ చూసి, "పొద్దున అయిదున్నరకి వస్తే సరిపోతుంది" అన్నారు. అయిదింబావుకే మైదానంలో ఉంటున్నారు.

పోటీ రోజు సంగతి మీకు తెలుసు. 1.45 మొదటిసారే. 1.48 మూడోసారి, అదీ మీరు గాలిపటంలా ఊగి ఊగి ఆగారు. 1.51 రెండోసారి దాటింది. 1.54 దగ్గర మూడుసార్లూ పడగొట్టింది. "గెలిచినవాళ్ళయినా చివర్లో దాన్ని పడగొట్టే ఇంటికి పోతారమ్మా" అన్నారు సారు, కిందపడ్డ మిమ్మల్ని తీయబోయి. అది అక్కడి వాలంటీర్ల పని. అలవాటు మరి.

ఇంటికొచ్చాక మెడలో టేపు తీసి గోడ మీద పిల్ల దాటిన 1.51 గుర్తు పెడదామని నిలబడ్డాను. నా టైలర్ టేపు నూట యాభై సెంటీమీటర్లు. ఒక సెంటీమీటరు చాల్లేదు. ఇరవై ఏళ్ళుగా ఊళ్ళో ఆడవాళ్ళందరి కొలతలూ పట్టిన టేపు.

మొన్న గురువారం గుంటూరు వెళ్ళి మూడు మీటర్లది కొన్నాను. ఎలాస్టిక్ తాలూకు సారు ఇంకా పది రూపాయలు బాకీ, కనపడినప్పుడల్లా జేబు తడుముకుంటారు. చిల్లర లేదని చెప్పి పంపించేస్తున్నాను.

ఇట్లు,
ఎలాస్టిక్ ఇచ్చిన టైలరమ్మ