సవరణ: పాత బ్యాటరీల షెడ్డు స్థలానికి నీళ్ల రిపోర్టు ఒక్కటే చాలదు

ఒంగోలు శివార్లలో పాత బ్యాటరీలు కరిగించి సీసం తీసిన, ఇప్పుడు మూతపడిన షెడ్డు గురించి మొన్నటి పోస్టులో "బోరు నీళ్లలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాముల పరిమితి లోపే ఉంది, ఆ స్థలంతో ప్రమాదం లేదు" అని ఉంది. మొదటి సగం అలాగే ఉంచి, రెండో సగం కొట్టేసి చదవండి.

సీసం నీళ్లలోకి అంత తేలిగ్గా దిగదు. పైమట్టిని అంటుకుని ఏళ్ల తరబడి ఉండిపోతుంది. మట్టిలో ఎంత ఉందన్నదొక్కటే కాదు, అది ఎవరి ఒంట్లోకి ఏ దారిన పోతుందో చూడాలి. షెడ్డు వెనక సాయంత్రం పిల్లలు క్రికెట్ ఆడతారు, అదే చేత్తో మిరపకాయ బజ్జీ తింటారు. దారి అదే! పైగా మింగిన సీసం పెద్దల కంటే 4, 5 రెట్లు ఎక్కువగా చిన్నపిల్లల ఒంటికి పడుతుంది.

శాంపిల్‌కి అడుగు లోతు మట్టి కలిపి పంపితే లెక్క పల్చబడుతుంది. పిల్లలు తొక్కే పైపొర విడిగా తీయాలి, చుట్టుపక్కల ఇళ్ల గడపల దగ్గర దుమ్ము కూడా. అక్కడ ఆడే పిల్లలకు రక్తంలో సీసం పరీక్ష చేయించండి. ఆలోగా ఇంట్లో చీపురు బదులు తడిగుడ్డ పెట్టండి. నీళ్లు కాచి తాగితే సరిపోతుందని కొందరంటున్నారు గానీ, కాస్తే సీసం పోదు.