పురుగుల సాక్ష్యం చెల్లదు

నది బాగోగులు తేల్చవలసింది ఎవరు? గట్టున నిలబడి, సీసా ముంచి, మూత బిగించి, చీటీ అంటించుకుని వెళ్లే ఉద్యోగి. ఈ మర్యాదైన ఏర్పాటును కొందరు శాస్త్రవేత్తలు చెడగొడుతున్నారు. నీళ్ల సంగతి నీళ్లలో కాపురముండే పురుగులనే అడగాలట!

సీసా గొప్పతనం వీరికి తెలియదు. ముంచిన నిమిషం ముచ్చట మాత్రమే చెబుతుంది. నిన్న అర్ధరాత్రి ఏ గొట్టం తెరుచుకుందో దానికి అనవసరం. పురుగుకు అంత సంస్కారమేదీ? మేఫ్లై అనే రెక్కల పురుగు పిల్ల నెలల తరబడి రాళ్ల కిందే ఉంటుంది. ఒక్క రాత్రి విషం వదిలితే చచ్చిపోతుంది. అక్కడితో ఆగితే బాగుండేది. వారాల తర్వాత వచ్చినవారికి కూడా అది లేకపోవడమే సాక్ష్యం! మరణ వాంగ్మూలానికైనా ఒక పద్ధతుంది. ఇక్కడ వాంగ్మూలమూ లేదు, శవమూ లేదు.

విచారణ తీరు ఇంకా ఘోరం. మోకాలి లోతు నీటిలో వల పట్టి, దానికి ఎగువన రాళ్లను కాలితో కదుపుతారు. కొట్టుకొచ్చినవాటిని తెల్లటి పళ్లెంలో పోసి వంశం ఆరా తీస్తారు. బ్రిటన్‌వారి బీఎండబ్ల్యూపీ పద్ధతిలో మార్కులు వంశాన్ని బట్టే: కొన్ని స్టోన్‌ఫ్లై పురుగుల కుటుంబాలకు 10, మురుగులో బతికే కైరోనోమిడ్ ఎర్రపురుగులకు 2, బురదలోని వానపాము జాతికి 1. ఒంట్లో హిమోగ్లోబిన్ నింపుకుని, దొరికిన కాస్త ఆక్సిజన్‌తోనే సర్దుకుపోయే ఎర్రపురుగు కదా ఆదర్శ పౌరుడు! నీళ్లు కాస్త చెడగానే మాయమయ్యే స్టోన్‌ఫ్లైకి పూర్తి మార్కులా?

ఇక డయాటమ్‌లు, అంటే కంటికి ఆనని ఒంటికణపు నాచు. రాళ్ల మీద మన కాలు జారేలా చేసే గోధుమరంగు పాచిలో ఉంటాయి. ఆ పాచిని టూత్‌బ్రష్‌తో గీకి, ఆమ్లంలో మరిగించి, మిగిలిన సిలికా పెంకులను సూక్ష్మదర్శిని కింద 400 దాకా లెక్కపెడతారు. నిట్స్‌కియా పాలియా అనే రకం గుంపులుగా కనబడిందా, మురుగు ఉన్నట్టే. ఆమ్లంలో మరిగించినా మాట మార్చని సాక్షిని ఎవరు, ఎంతకు మాట్లాడుకోవాలి?

ఈ జాడ్యం కొత్తది కాదు. జర్మనీలో కోల్క్‌విట్జ్, మార్సన్ 1908లో మురుగును సూచించే మొక్కల జాబితా, మరుసటి ఏడాది జంతువుల జాబితా ప్రకటించారు. (1908లోనే మూసీ హైదరాబాదును ముంచింది. నది నగరానికి హాని చేసిన రోజులవి.) మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కూడా జీవులను చూసి శుభ్రమైన ‘ఎ’ నుంచి అధ్వానమైన ‘ఇ’ వరకు అయిదు తరగతులు పెట్టింది. అనంతగిరి కొండల్లో పుట్టి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే మూసీని నగరం నడిమధ్యన ఈ పరీక్షకు కూర్చోబెట్టడం కక్షసాధింపు కాక మరేమిటి?

అందుకే నా విన్నపాలు. పురుగులను మూడేళ్లకోసారి బదిలీ చేయాలి. వల దించే ముందు గొట్టాల యజమానులకు పదిహేను రోజుల గడువుతో నోటీసు ఇవ్వాలి. ఇవి కుదరకపోతే మార్కులు తిరగరాయాలి: ఎర్రపురుగుకు 10, స్టోన్‌ఫ్లైకి 1. ఒక్క శుద్ధి కేంద్రం కట్టనక్కరలేదు, తెల్లారేసరికి మూసీ ‘ఎ’ తరగతిలో ఉంటుంది.