ఎక్కడ వెతికారు?

రసాయనాల భద్రతపై ప్రభుత్వాలకు సలహా ఇచ్చే శాస్త్రవేత్తల సంఘాల ముందుకు వచ్చే నివేదికల్లో పదేపదే కనిపించే వాక్యం ఒకటుంది: 'జన్యు హాని కనిపించలేదు'. దాన్ని ఆమోదించే ముందు సభ్యులు అడగవలసింది ఎక్కడ వెతికారు, ఎలా వెతికారు అని. అలా అడగడానికి తగిన వ్యవధీ, జవాబు దొరికే కాగితాలూ వారి చేతికి రావాలన్నది మా వాదన. సారాంశం చదివి తలూపే సంఘం ఉన్నా లేకున్నా ఒకటే.

ఒక పట్టికను దగ్గరగా చూద్దాం. ఎలుకలకు రసాయనం ఇచ్చి, ఎముక మజ్జలో అప్పుడే తయారవుతున్న ఎర్ర రక్తకణాలను సూక్ష్మదర్శిని కింద పరిశీలిస్తారు. కణ విభజనలో విరిగిన, వెనకబడిన క్రోమోజోములు వాటిలో చిన్న చుక్కలుగా మిగిలిపోతాయి. ఆ చుక్కలను లెక్కపెట్టేదే మైక్రోన్యూక్లియస్ పరీక్ష. రసాయనం తగలని జంతువుల్లోనూ వెయ్యి కణాలకు ఒకటో రెండో కనిపిస్తాయి. అంత అరుదైనదాన్ని కొద్ది కణాల్లో వెతికితే అసలు పెరుగుదల యాదృచ్ఛిక హెచ్చుతగ్గుల్లో కలిసిపోతుంది. అందుకే ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ (ఓఈసీడీ) రసాయన పరీక్షలకు ఇచ్చే 474వ మార్గదర్శకం ఇప్పుడు ఒక్కో జంతువులో కనీసం 4,000 అపరిపక్వ కణాలు చూడమంటోంది. 2014 సవరణకు ముందు 2,000 సరిపోయేవి. పాత నివేదికలు చదివేటప్పుడు ఈ తేడా గుర్తుండాలి.

అంతకంటే పెద్ద చిక్కు వేరే ఉంది. రసాయనం అసలు మజ్జదాకా వెళ్లిందా? వెళ్లి అక్కడి కణాలను దెబ్బతీస్తే అపరిపక్వ కణాల నిష్పత్తి తగ్గుతుంది. తగ్గకపోతే రక్తంలోనో మజ్జలోనో రసాయనాన్ని కొలిచి చూపాలి. ఈ రెండు ఆధారాల్లో ఒక్కటైనా లేని నివేదికలో 'హాని లేదు' అన్న మాటకు విలువ లేదు. ఒక్కోసారి రసాయనం మజ్జను చేరినా నిజం బయటపడదు. ఎన్‌డీఎంఏ అనే నైట్రోసమైన్ సంగతే చూడండి. అది తనంతట తాను డీఎన్ఏను గాయపరచదు. కాలేయంలోని ఎంజైములు దాన్ని మార్చినప్పుడు పుట్టే పదార్థం ఆ పని చేస్తుంది. దాని ఆయుష్షు అతి స్వల్పం కావడంతో గాయం ప్రధానంగా కాలేయంలోనే జరుగుతుంది. అలాంటి పదార్థానికి మజ్జ పరీక్ష ఒక్కటే చేసి ఊరుకోవడం దొంగ పడ్డ ఇల్లు వదిలి పక్కింట్లో సోదా చేయడమే. కాలేయ కణాల్లో డీఎన్ఏ పోగులు తెగాయా అని చూసే కామెట్ పరీక్షో, జన్యుమార్పిడి చేసిన ఎలుకల్లో ఉత్పరివర్తనాల (డీఎన్ఏలో నిలిచిపోయే మార్పుల) లెక్కో అడగాలి.

బాక్టీరియాతో చేసే ఏమ్స్ పరీక్షలోనూ ఇదే జాగ్రత్త కావాలి. హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం లేనిదే పెరగలేని సాల్మొనెల్లా రకాలు ఉత్పరివర్తనం వల్ల మళ్లీ పెరిగి కాలనీలు కట్టాయా అని ఇందులో చూస్తారు. కనీసం ఐదు రకాల బాక్టీరియా, కనీసం ఐదు మోతాదులు ఉండాలి. విషప్రభావం, కరగకపోవడం వంటి అడ్డంకులు లేకపోతే పై మోతాదు ప్లేటుకు 5 మిల్లీగ్రాములు. కాలేయం నుంచి తీసిన, ఎంజైములున్న ఎస్9 ద్రవం కలిపి ఒకసారి, కలపకుండా ఒకసారి చేయాలి. వాడుకలో ఉన్న నాలుగు సాల్మొనెల్లా రకాలు మార్పును గుర్తించేది డీఎన్ఏలోని జీ-సీ అక్షరాల జంట దగ్గర. అందుకే కొన్ని ఆక్సీకారకాలు, డీఎన్ఏ పోగులను ఒకదానికొకటి బిగించే పదార్థాలు, హైడ్రజీన్లు వాటి కంట పడకపోవచ్చు. ఐదో రకంగా ఈ.కోలై డబ్ల్యూపీ2 గానీ టీఏ102 అనే మరో సాల్మొనెల్లా గానీ పెట్టేది ఆ లోటు పూడ్చడానికే. పాత నివేదికలో నాలుగే ఉంటే ఆ ఖాళీని సమావేశపు మినిట్స్‌లో రాయాలి.

సభ్యులు సగటులు చూసి ఆగకూడదు. ప్లేటు ప్లేటుకూ వచ్చిన అంకెలు చూడాలి. ఆ నాలుగు సాల్మొనెల్లా రకాల్లో ఒకటైన టీఏ1535లో మామూలుగానే పది ఇరవై కాలనీలే ఉంటాయి. అక్కడ 12కు బదులు 24 రావడం పెద్ద విశేషం కాకపోవచ్చు. వంద దాటి ఉండే మరో రకం టీఏ100లో రెట్టింపు కావడం వేరే సంగతి. నమూనాలోనే హిస్టిడిన్ ఉంటే ఉత్పరివర్తనం లేకుండానే కాలనీలు పెరుగుతాయి. రసాయనం బాక్టీరియాను చంపేస్తుంటే కాలనీలు తగ్గి 'హాని లేదు' అన్నట్టు కనిపిస్తుంది. వెనకాల పలచగా పరుచుకునే బాక్టీరియా పొర ఎలా ఉందో రాయని నివేదికను తిప్పి పంపాలి.

'హాని ఉంది' అన్న ఫలితమూ అంతే నిశితమైన చదువు కోరుతుంది. 2007లో నెల్ఫినావిర్ అనే హెచ్ఐవీ మందులో ఇథైల్ మిథేన్ సల్ఫోనేట్ కలుషితంగా చేరింది. ఆమ్లం నిలవ చేసే ట్యాంకును ఇథనాల్‌తో కడిగాక ఆ ఇథనాల్ పూర్తిగా పోకపోవడం వల్ల ఆమ్లంతో చర్య జరిగి ఈ కలుషితం పుట్టింది. ప్రయోగశాలల్లో ఉత్పరివర్తనం పుట్టించడానికి వాడే ప్రామాణిక పదార్థమే అది. డీఎన్ఏతో నేరుగా చర్య జరిపేదానికి సురక్షిత మోతాదు ఉండదన్నది అలవాటైన లెక్క. తర్వాత చుంచెలుకలపై అనేక తక్కువ మోతాదులతో ప్రయోగాలు చేశారు. కిలో శరీర బరువుకు రోజుకు 25 మిల్లీగ్రాముల దాకా ఉత్పరివర్తనాలు పెరగలేదు. రోగులకు అంది ఉండగల గరిష్ఠ మోతాదు అదే లెక్కన కిలోకు రోజుకు సుమారు 0.055 మిల్లీగ్రాములు. కణంలోని మరమ్మతు ఎంజైములు కొంత మేరకు గాయాన్ని సరిచేస్తాయి. మూడు పెద్ద మోతాదులతో సరిపెట్టి ఉంటే ఆ సంగతి తేలేది కాదు. ఆ మందు వాడిన వేలమందికి చెప్పవలసిన జవాబు ఆ చిన్న మోతాదుల్లోనే దొరికింది.

ఇక సంఘాల మధ్య వచ్చే భేదాలు. 2015 మార్చిలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ గ్లైఫోసేట్ అనే కలుపు మందును 'బహుశా క్యాన్సర్ కారకం' అంది. అదే ఏడాది నవంబరులో ఐరోపా ఆహార భద్రతా సంస్థ ఆ అవకాశం తక్కువంది. మొదటిది బహిరంగంగా ప్రచురితమైన పరిశోధనలను, మార్కెట్‌లో అమ్మే మిశ్రమాలపై జరిగినవాటితో సహా తూచింది. రెండోది కంపెనీలు సమర్పించిన అధ్యయనాలనూ కలుపుకొని ప్రధానంగా గ్లైఫోసేట్ ఒక్కదాన్నే చూసింది. ప్రశ్న మారితే జవాబు మారుతుంది. ఏ ప్రశ్నకు జవాబిస్తున్నారో మొదటి పేజీలోనే రాస్తే ప్రజలకు ఇంత గందరగోళం ఉండదు.

పూర్తి పట్టికలు సమావేశానికి కనీసం మూడు వారాల ముందు సభ్యులకు చేరాలి. స్వప్రయోజనాల వెల్లడి ఏడాదికోసారి నింపే ఫారంతో ముగియకుండా అంశం వారీగా జరగాలి. వాటాలు, కన్సల్టెన్సీ ఫీజులే కాదు, ఆ రసాయనంపై సభ్యుడి ప్రయోగశాల అందుకున్న గ్రాంటు కూడా చెప్పాలి. శాస్త్రవేత్త కాని సభ్యుడు ఒకరిద్దరు ఉండడం మంచిది. నిపుణులు ఊహించేసుకుని దాటిపోయే మెట్టు దగ్గర వారు ఆపుతారు. బ్రిటన్‌లో 1978లో ఏర్పడిన ఉత్పరివర్తన సలహా సంఘం తన చర్చాపత్రాలు, మినిట్స్ ప్రచురిస్తోంది. మిగతా దేశాలు అనుసరించదగిన పద్ధతి అది.

మినిట్స్‌లో 'హాని కనిపించలేదు' అని రాసిన ప్రతిచోటా దాని పక్కనే నాలుగు వివరాలు ఉండాలి: ఏ కణజాలంలో చూశారు, ఎంత మోతాదు దాకా వెళ్లారు, ఎన్ని కణాలు లెక్కపెట్టారు, రసాయనం అక్కడికి చేరిందనడానికి ఆధారమేమిటి. విభేదించిన సభ్యుడి కారణాలను అతని మాటల్లోనే చేర్చాలి. సంఘాన్ని నియమించే ఉత్తర్వులోనే ప్రభుత్వం ఈ షరతులు పొందుపరచాలి.