‘ఏఎఫ్‌బీ పాజిటివ్’ రిపోర్టు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ రిపోర్టు గారికి, విశాఖపట్నం నుంచి ఒక పేషెంటు తాలూకు బావ నమస్కరించి వ్రాయునది.

తమరు ఒకే ఒక్క లైనులో వేంచేస్తారు. ఏఎఫ్‌బీ, అంటే యాసిడ్‌తో కడిగినా రంగు వదలని క్రిములు, మైక్రోస్కోపు కింద నీలం రంగు మీద ఎర్రటి కడ్డీల్లా కనపడ్డాయి, అంతే. పెళ్లిళ్ల పేరయ్య ‘ఫలానా ఇంటిపేరు వాళ్లబ్బాయండీ’ అని కాఫీ తాగి వెళ్లిపోయినట్టు! ఈ క్రిముల ఇంటిపేరు మైకోబాక్టీరియా, వారింట్లో దాదాపు 200 మంది ఉన్నారు. టీబీ వాళ్లలో ఒకడు మాత్రమే.

మా బావమరిదికి లాప్రోస్కోపీలో గాల్‌బ్లాడర్ తీశారు. నెల తిరిగేసరికి బొడ్డు దగ్గరి కుట్టు గట్టిపడి చీము కారసాగింది. మహారాణిపేటలో ల్యాబుల మెట్లన్నీ ఎక్కి దిగాక తమరు వెలువడ్డారు. ఇంకేం, టీబీ మందులు మొదలు. మూత్రం నారింజ రంగులోకి తిరిగింది. ‘రంగు మారిందంటే మందు పట్టినట్టేరా’ అని మా మామగారు ధైర్యం చెప్పారు. చీము మాత్రం ఏ రంగూ మార్చలేదు.

చివరికి ఎవరో పుణ్యాత్ముడు చీమును కల్చర్‌కు, అంటే ల్యాబులో క్రిమిని పెంచి చూసే పరీక్షకు, పంపాడు. టీబీ క్రిమి పైకి కనపడాలంటే 3 నుంచి 8 వారాలు. ఇదేమో వారం లోపే ప్లేటు మీద తేలింది. ఇలా తొందరపడే రకాలను రన్యన్ అనే శాస్త్రవేత్త 1959లోనే నాలుగో గ్రూపులో వేరుగా కూర్చోబెట్టాడు. మట్టిలో, కుళాయి నీళ్లలో హాయిగా బతుకుతాయి. ఆపరేషన్ పరికరాలను క్రిములు చంపే మందులో ముంచి, ఆపైన కుళాయి కింద కడిగేవారికి వేరే శత్రువులు అక్కర్లేదు.

సరే, ఈ తొందరపడే రకాల్లో దీని పేరేమిటి? ఫార్చుయిటమా, కెలోనేనా, అబ్సెసస్సా? చివరి రెండూ 1992 వరకు ఒకే జాతి కింద కాపురమున్నాయి. జాతిని గుర్తించడానికి మామూలుగా చూసే 16ఎస్ జన్యువు చూసినా తేడా పట్టుకోవడం కష్టం, ఆర్‌పీఓబీ లాంటి వేరే జన్యువులు చదవాలి. అక్కడితో అయిందా? అబ్సెసస్‌లో మళ్లీ మూడు ఉపజాతులు. వాటిలో చాలావరకు క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌కు ల్యాబు పరీక్షలో మూడో రోజు లొంగినట్టే నటించి, 14వ రోజుకు ఎదురు తిరుగుతాయి. ఆ మూడింటిలో మసిలియెన్సే అనేదానిలో ఆ తిరగబడే జన్యువు ముక్క తెగి ఉంటుంది, అందుకని సాధారణంగా మాట వింటుంది. అంటే పేరు తెలిస్తేనే మందు తెలుస్తుంది. వీటిలో దేనికీ మామూలు టీబీ మందులు చాలవు.

అందుచేత చిన్న మనవి. ఇకమీదట తమ కింద ఇంకొక్క లైను వేయించుకోండి: ‘ఇది టీబీయో కాదో తేలలేదు, కల్చర్‌కు పంపండి.’ ఇంకు ఖర్చు మా మామగారు భరిస్తామన్నారు.

ఇట్లు,
తమ ఫైలు మోసి మోసి భుజం పడిపోయిన బావ