గ్రూపు లెక్క రాని లిమిట్స్.కాన్ఫ్ గారికి

కేరాఫ్ /ఈటీసీ/సెక్యూరిటీ/,
వైట్‌ఫీల్డ్‌లో ఏదో ఒక సర్వర్ రూము, బెంగళూరు.

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే ఇక్కడ సర్వర్‌కి కుశలం లేదు. కారణం తమరే, లైనక్స్ సర్వర్‌లో ఎవరు ఎంత వాడుకోవచ్చో హద్దులు రాసి ఉంచే ఫైలుగారు.

తమ కడుపులోనే ఒక నమూనా లైను ఉంటుంది: #@స్టూడెంట్ హార్డ్ ఎన్‌ప్రాక్ 20. ఎన్‌ప్రాక్ అంటే నడిచే ప్రాసెస్‌ల లెక్క. ముందున్న # (ఈ లైను పట్టించుకోవద్దనే గుర్తు) తీసేస్తే స్టూడెంట్ గ్రూపు మొత్తానికి 20 ప్రాసెస్‌లనే ఎవరైనా అనుకుంటారు. తమరేమో తలా 20 పంచేస్తారు. ముప్పై మందుంటే 600. మారతహళ్ళి పీజీలో ఫ్లోరుకి ఒక ఇరవై లీటర్ల క్యాను అని చెప్పి మంచానికొకటి దించిపోయినట్టుంది తమ వ్యవహారం. పైగా ఆ ఇరవైలో థ్రెడ్లు (ఒక ప్రాసెస్ లోపలి పని పోగులు) కూడా లెక్కే. కోర్లు ఎక్కువున్న మెషీన్‌లో జావా లేవబోయి అక్కడే కూలబడుతుంది, "రిసోర్స్ టెంపరరిలీ అనవైలబుల్" అని ఏడుస్తుంది. టెంపరరీ ఏమిటి, నా బొంద!

మెమరీ సంగతి మరీ ఘోరం. ఏఎస్ (మెమరీ అడ్రస్ స్పేస్ హద్దు) 8388608 అని రాస్తే (తమకు కేబీల్లోనే చెప్పాలి కదా) అది 8 జీబీ. గ్రూపుకి కాదు, మనిషికి కూడా కాదు, ఒక్కో ప్రాసెస్‌కి! అంటే ఇరవై ప్రాసెస్‌లున్న ఒక్క కుర్రాడికి కాగితం మీద 160 జీబీ. మెషీన్‌లో ఉన్నది 64. ఆర్‌ఎస్‌ఎస్ అని, ర్యామ్‌లో నిజంగా ఉన్న మెమరీకి ఇంకో పదం కూడా పెట్టుకున్నారు. 2.4.30 వెర్షన్ నుంచీ లైనక్స్ కెర్నెల్ దాని మొహం చూడడం లేదు. అయినా ఎవరైనా రాస్తే కిక్కురుమనకుండా తీసుకుంటారు.

పోనీ, గ్రూపుని లెక్కపెట్టడం చేతకాదా అంటే, అదీ కాదు. @ బదులు % పెట్టి "%స్టూడెంట్ - మాక్స్‌లాగిన్స్ 10" అంటే గ్రూపంతటికీ కలిపి పది లాగిన్‌లే ఇస్తారు. గుమ్మం దగ్గర తలలు లెక్కపెట్టడం వచ్చు, వంటింట్లో గిన్నెలు లెక్కపెట్టడమే రాదు.

అందుకే ఆ పని సీగ్రూప్‌కి (ప్రాసెస్‌లను గుంపుగా కట్టి కలిపి లెక్కవేసే కెర్నెల్ ఏర్పాటు) అప్పగించాం, సర్వర్‌లో సేవలన్నీ నడిపే సిస్టమ్‌డీ ద్వారా. /ఈటీసీ/సిస్టమ్‌డీ/సిస్టమ్/స్టూడెంట్.స్లైస్ అని ఫైలు తెరిచి, [స్లైస్] కింద మెమరీహై=28జి, మెమరీమ్యాక్స్=32జి, సీపీయూకోటా=800%, టాస్క్స్‌మ్యాక్స్=2000. ఎనిమిది వందల శాతం చూసి కంగారు పడొద్దు, ఎనిమిది కోర్లు అని అర్థం. హై దాటితే నెమ్మదిస్తుంది, మ్యాక్స్ దగ్గర ఇంక ఖాళీ చేయడానికేమీ లేకపోతే ప్రాసెస్‌ని చంపుతుంది. తర్వాత సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్. ఇక్కడా ఒక మెలిక ఉంది. ఎస్‌ఎస్‌హెచ్‌లో వచ్చినవాళ్ళు యూజర్-1001.స్లైస్ లాంటి సొంత గదుల్లోకే వెళ్తారు, సిస్టమ్‌డీకి యూఐడీ (యూజర్ నంబరు) తెలుసు గానీ గ్రూపు తెలియదు. జాబ్‌ని రూట్‌గా సిస్టమ్‌డీ-రన్ --యూఐడీ=పేరు --స్లైస్=స్టూడెంట్.స్లైస్ అని నడిపితేనే ఉమ్మడి లెక్కలో పడుతుంది. పడిందో లేదో /సిస్/ఎఫ్‌ఎస్/సీగ్రూప్/స్టూడెంట్.స్లైస్/మెమరీ.కరెంట్ చెబుతుంది.

తమర్ని తీసేయడం లేదు, నోఫైల్ (ఎన్ని ఫైళ్ళు తెరవొచ్చో ఆ హద్దు) పనికి ఉంచుకుంటాం. అదీ లాగిన్ అయ్యేవాళ్ళకే. సిస్టమ్‌డీ లేపే డీమన్లు (వెనక నడిచే సేవలు) తమ గడప తొక్కవు, వాటికి యూనిట్ ఫైల్లో లిమిట్‌నోఫైల్= రాసుకోవాలి. నిన్నటి నుంచి తెరిచి ఉన్న టీమక్స్ టెర్మినల్‌కీ తమ కొత్త అంకె అందదు. ఎవరికి ఎంత దక్కిందో తమర్ని అడగం, /ప్రాక్/పీఐడీ/లిమిట్స్‌నే అడుగుతాం.

ఇట్లు,
తమ # తీసి చేతులు కాల్చుకున్నవారు

తా.క.: కొత్త కుర్రాణ్ణి గ్రూపులో చేర్చేటప్పుడు యూజర్‌మాడ్‌కి పెద్ద జీ ఒక్కటే ఇచ్చి -ఏ మర్చిపోతే, మిగతా గ్రూపులన్నీ ఊడిపోతాయి, రూట్ అధికారమిచ్చే సుడోతో సహా. అది మాత్రం తమ తప్పు కాదు.